మా నాన్న తాగిన వెండి

మా ఇంట్లోకి ఏ మందు వచ్చినా మొదట నాకు చూపించేవారు. జ్వరం మాత్రలు, దగ్గు సిరప్పు, మా అమ్మ మోకాళ్ళకు రాసుకునే తైలం, పక్కింటి కోడలికి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన ఇనుము మాత్రలు, ఏదైనా సరే. నేను చీటీ చదివి, రోజుకు ఎన్నిసార్లో, తిన్న తరవాతో ముందో చెప్పేదాన్ని. మా నాన్న అన్నదమ్ముల ఇళ్ళన్నింటిలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. చదివింది రసాయనశాస్త్రం. దానికీ వైద్యానికీ మధ్య ఉన్న దూరం నాకు తెలుసు, మా వాళ్ళకు తెలియదు. ఆ దూరాన్ని వాళ్ళకు తెలియజెప్పవలసిన బాధ్యత నాదే అయినా, చాలాకాలం నేను ఆ పని చేయలేదు. అడిగినప్పుడు జవాబు చెప్పగలగడం నాకు ఇష్టంగా ఉండేది.

మా నాన్న విశాఖపట్నం చేపల రేవులో మరపడవ మీద వలలు లాగే కళాసీ. పదిహేను, ఇరవై రోజులు సముద్రం మీద ఉండి, నాలుగైదు రోజులు ఇంట్లో ఉండేవారు. నేను గోపాలపట్నంలో నీళ్ళను పరీక్షించే ఒక చిన్న ప్రయోగశాలలో పని చేస్తున్నాను. మద్దిలపాలెంలో బస్సు మారి వెళ్ళాలి. అందువల్ల నాన్న ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా ఆయన్ని దీపాలు పెట్టే వేళకే చూసేదాన్ని. ఆయనకు చాలా ఏళ్ళుగా చేతుల మీద పుళ్ళు. వల తాడు ఒరుసుకుని, ఉప్పు నీరు పట్టి, చేపలను ఐసులో సర్దేటప్పుడు చర్మం చిట్లి, పైగా జెల్ల చేప ముల్లు గుచ్చుకుని, ఒకటి మానేలోగా ఇంకొకటి వచ్చేది. వాడిన పూతమందుల ఖాళీ గొట్టాలు కిటికీ చువ్వల దగ్గర ఎప్పుడూ నాలుగైదు ఉండేవి.

ఆ సీసాను మా ఇంటికి తెచ్చింది మా మావయ్య, అంటే నాన్న చెల్లెలి భర్త. ఆయన ఉక్కు కర్మాగారం వైపు కాంట్రాక్టు పని చేస్తారు. అక్కడ ఎవరో ఆయనను ఆరోగ్య ఉత్పత్తులు అమ్మే ఒక గొలుసు వ్యాపారంలో చేర్పించారు. ముదురు నీలం గాజు సీసా, మీద ఇంగ్లీషు అక్షరాలు. కొల్లాయిడల్ సిల్వర్ అని ఉంది. నీటిలో కరగకుండా, అడుగుకు దిగకుండా తేలుతూ ఉండే వెండి రేణువులు. మా ఇంట్లో దాని పేరు ఆ సాయంత్రమే వెండి నీళ్ళు అయింది.

రాజులు వెండి గిన్నెల్లో తిన్నారు గనకే వాళ్ళ ఒంటి మీద పుళ్ళు ఉండేవి కావని మావయ్య చెప్పారు. నాన్న తన అరచేతులు ఒకసారి తిప్పి చూసుకున్నారు.

“రాజులు వల లాగనేదు కదరా బావా. అందుకు రానేదు,” అన్నారు.

అందరూ నవ్వారు. అయినా సీసా నా చేతికి వచ్చింది. నేను చదివాను. రోజుకు ఒక చెంచా. వెలుతురు, వేడి తగలకుండా ఉంచవలెను. అంతే ఉంది. నాన్న ఒక్క ప్రశ్న అడిగారు. సరైన ప్రశ్న అదొక్కటే. నేను ఆ తరవాత చదివిన వ్యాసాలన్నీ దానికి జవాబులే.

“ఇది లోపలికెల్లి ఏటవుద్ది? లోపలే ఉండిపోద్దా, బయటికొచ్చీద్దా?”

“ఒంటికి అక్కర్లేనిది ఉచ్చలో పోద్ది నాన్నా. కొంచెమే కదా,” అన్నాను.

ఆ జవాబు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తరవాత వెతుక్కున్నాను. నీటిలో కరిగే వ్యర్థాలను మూత్రపిండాలు బయటికి పంపుతాయని ఇంటర్మీడియట్ పుస్తకంలో ఒక వాక్యం ఉంది. కరగని వెండికి దాన్ని అన్వయించాను. తెలియదు అని ఉంటే నాన్న ఏమీ అనుకునేవారు కారు. మావయ్య బహుశా ఇంకెవరినైనా అడిగేవారు. నేను చెప్పాను కాబట్టి ఇంకెవరినీ అడగలేదు.

అది వేట నిషేధ కాలం మొదలైన వారం. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలు పడవలన్నీ రేవులోనే ఉంటాయి. వల లేదు, ఐసు లేదు, ఉప్పు నీరు లేదు. ప్రతి ఏడూ ఆ రెండు నెలల్లో నాన్న చేతులు వాటంతట అవే మానుతాయి. ఆ ఏడు కూడా మానాయి. ఆయన ఆ పుణ్యం వెండి నీళ్ళకు కట్టబెట్టారు. పిలిచి మరీ అందరికీ చేతులు చూపించారు. “నా కూతురు సదివి సెప్పింది” అనేవారు. పుళ్ళు మానడానికి కారణం వేరే కావచ్చునని నాకు తోచింది. ఆయన సంతోషంగా ఉన్నారని ఊరుకున్నాను.

నిషేధం ముగిసి పడవలు కదిలాక జరిగినది నాకు ఏడాది తరవాత గాని తెలియలేదు. దాన్ని అర్థం చేసుకోవాలంటే పడవ బయలుదేరే పద్ధతి తెలియాలి. సముద్రంలోకి వెళ్ళేవాళ్ళు అక్కడ దొరుకుతుందని దేన్నీ వదిలి వెళ్ళరు. ఇరవై రోజులకు కావలసిన ఐసు, డీజిలు, తాగే నీరు, బియ్యం, అగ్గిపెట్టెలతో సహా, ముందే ఎక్కించుకుంటారు. ఎక్కించనిది అక్కడ ఉండదు. నాన్న చిన్నప్పటి నుంచి అదే పద్ధతిలో బతికారు. ఇప్పుడు ఆయన దగ్గర ఒక సీసా ఉంది. దానికి వెలుతురు తగలకూడదని నేను చదివి చెప్పాను. పడవ మీద కళాసీ సామానుకు వెలుతురు తగలని చోటు ఉండదు. టార్పాలిన్ సంచీలో పెడితే ఉడికిపోతుంది, పైగా గాజు సీసా, అల వస్తే పగులుతుంది. అందుచేత ఆయన సీసాను ఇంట్లో బియ్యం డబ్బా వెనక చీకట్లో ఉంచి, వెళ్ళే ముందు రెండు రోజుల్లో ఇరవై రోజుల చెంచాలూ లెక్క ప్రకారం స్టీలు గ్లాసులో పోసుకుని తాగేవారు. సీసా అయిపోతే మావయ్య ఇంకొకటి తెచ్చేవారు. ఇంతెందుకని మా అమ్మ ఒకసారి అడిగితే, “ఎక్కించీసుకుంతన్నాను” అన్నారట. అమ్మకు అది సబబుగానే తోచింది. నాకు చెప్పవలసిన విషయమని ఆమె అనుకోలేదు.

రంగు మారడం ఎవరమూ వెంటనే గమనించలేదు. మా నాన్నది నల్లని ఒళ్ళు, ఎండకు ఇంకా నలుపెక్కిన ఒళ్ళు. ఇంట్లో ఉండేది నెలకు కొద్ది రోజులు. మొదట అమ్మ ఆయన గోళ్ళ మొదట్లో తెల్లగా ఉండవలసిన చంద్రవంకలు నీలంగా ఉండడం చూసి, వల రంగు అంటిందనుకుంది. తరవాత చిగుళ్ళు. తరవాత నుదురు, బుగ్గలు, మెడ వెనక భాగం, మీద బూడిద చల్లి తుడిచినట్టు అయ్యాయి. చొక్కా కింద ఉండే ఛాతీ మాత్రం మామూలుగానే ఉంది. రెండో ఏడు నిషేధ కాలంలో ఆయన రెండు నెలలు నీడలో ఉన్నారు. ప్రతిసారీ ఆ రోజుల్లో ఎండ నలుపు కొంత విరిగేది. ఈసారి నలుపు విరిగేకొద్దీ దాని కింద ఉన్న బూడిద రంగు బయటపడింది.

పడవను సిద్ధం చేసే పనులు మొదలైన రోజున నాన్న ఎప్పటిలాగే వెళ్ళి, గంటలో తిరిగి వచ్చారు. పడవను నడిపే సరంగు ఆయన పెదవులు, గోళ్ళు చూసి ఎక్కవద్దన్నారు. అంతకు ముందు ఏడు వేరే పడవలో ఒక మనిషి పెదవులు ఇలాగే నీలంగా మారి, గుండె ఆగి, ఒడ్డుకు చేరేలోగా పోయాడు. ఆ భయం రేవులో ఇంకా తాజాగా ఉంది. ఒంట్లో బాగుందని ఎవరైనా చెబితే అప్పుడు రమ్మని సరంగు చెప్పి పంపారు. ఒక పడవ వద్దన్న మనిషిని ఇంకో పడవ పిలవదు. ఆ వయసులో నేల మీద కొత్త పని నేర్చుకోవడం మా నాన్నకు కుదిరే విషయం కాదు. ఆ సాయంత్రం ఆయన గడపలో కూర్చుని చేతులు చూసుకుంటూ ఉండిపోయారు.

మర్నాడు సెలవు పెట్టి ఆయనను ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. డాక్టరు నాకంటే ఏమంత పెద్దది కాదు. వేలికి చిన్న క్లిప్పు తగిలించి రక్తంలో ప్రాణవాయువు చూసింది. సరిగ్గా ఉంది. గుండె గీతలు తీయించింది. అవీ సరిగ్గా ఉన్నాయి. అప్పుడు ఏమి వాడుతున్నారని అడిగింది. నేను సంచీలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని చదవడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆ తరవాత నాన్న కనురెప్ప కిందికి లాగి తెల్లగుడ్డు చూసింది.

“ఈ రంగు పోద్దా అమ్మా?” అని నాన్న అడిగారు.

పోదని ఆమె మెత్తగానే చెప్పింది. తాగడం ఆపితే ఇక పెరగదనీ, ఎండ తగలకుండా చూసుకోవాలనీ, దీనివల్ల గుండెకు ఏమీ కాలేదనీ చెప్పింది. గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయనీ, రంగుకు కారణం వెండి అనీ ఒక కాగితం రాసి ఇచ్చింది. బస్సులో నాన్న ఆ కాగితాన్ని మడత విప్పకుండా పట్టుకున్నారు.

నేను చదివిన కళాశాలలో ఒక అధ్యాపకురాలి సాయంతో ఆ వారం కొన్ని వ్యాసాలు సంపాదించి చదివాను. ఏడాది ముందు చేయవలసిన పని అది. నాకు అర్థమైనంతలో సంగతి ఇలా ఉంది.

నోటి ద్వారా వెళ్ళిన వెండిలో ఎక్కువ భాగం రక్తంలో చేరకుండానే పేగుల వెంట మలంతో వెళ్ళిపోతుంది. కడుపులోని ఆమ్లం ఆ రేణువులలో కొన్నింటిని కరిగిస్తుంది. కరిగిన దానిలో కొంత అక్కడి క్లోరైడుతో కలిసి మళ్ళీ కరగని తెల్లటి పదార్థం అవుతుంది. కళాశాలలో పరీక్షనాళికల అడుగున ఆ తెలుపును మేము ఎన్నోసార్లు చూశాము. పేగు గోడను దాటి రక్తంలో చేరేది చిన్న భాగం. రక్తం దాన్ని ముందుగా కాలేయానికి మోసుకుపోతుంది. కాలేయం గంధకం ఉన్న చిన్న అణువులకు వెండిని తగిలించి, పైత్యరసంలో కలిపి, తిరిగి పేగులోకి వదులుతుంది. రక్తం దాకా వచ్చిన వెండికి బయటికి పోయే పెద్ద దారి అదే. మూత్రంలో పోయేది అతి స్వల్పం. నేను మా నాన్నకు చూపించిన దారి దాదాపు లేనట్టే.

కాలేయం చేతికి చిక్కనిది ఒళ్ళంతా తిరిగి చర్మంలో, చెమట గ్రంథుల చుట్టూ, గోళ్ళ మొదళ్ళలో, చిగుళ్ళలో, మూత్రపిండాలలో ఆగిపోతుంది. చర్మంలో ఆగినదానికి వెలుతురు తగిలితే అది లోహంగా మారుతుంది. పూర్వం ఫోటో కాగితం నల్లబడింది ఇటువంటి చర్య వల్లనే. ఆ లోహం శరీరంలో సహజంగా ఉండే గంధకంతో, సెలీనియంతో కలిసి ఇక దేనిలోనూ కరగని రేణువు అవుతుంది. కరగనిదాన్ని రక్తం మోసుకుపోలేదు. చర్మం పై పొర రాలి కొత్తది వస్తూ ఉంటుంది గాని, ఈ రేణువులు ఉండేది దాని కింది పొరలో. కాబట్టి తాగడం మానేస్తే రక్తంలోని వెండి కొంతకాలానికి తగ్గుతుంది, చర్మంలోనిది ఉండిపోతుంది. ఒకేసారి ఎక్కువ తాగితే మిగిలేది ఎక్కువ. రోజుకు చెంచా చొప్పున తాగినా, ఆలస్యంగా, కొంత మిగులుతూనే ఉంటుంది.

ఇరవై రోజుల మందును ఒంట్లో ఎక్కించుకోవచ్చునన్న మా నాన్న ఊహను నేను మొదట అమాయకత్వం అనుకున్నాను. శరీరం దాచుకుంటుందని ఆయన అనుకున్నారు, నిజంగానే దాచుకుంది. సీసాకు వెలుతురు తగలకుండా ఆయన ఎంతో జాగ్రత్త పడ్డారు. సీసాలోనిది తనలోకి వచ్చాక, రోజంతా ఎండలో నిలబడడమే ఆయన పని.

ఈలోగా తప్పును నాన్న తన మీద వేసుకున్నారు. అడిగినవారికీ అడగనివారికీ ఒకటే చెప్పారు. గుంట, అంటే కూతురు, చెప్పినట్టే చెంచా తాగి ఉంటే అంతా బయటికి వెళ్ళిపోయేదనీ, తానే ఆశపడి ఎక్కువ తాగాననీ. మావయ్య వచ్చి, సీసా తీసుకుపోయి, మురికి కాలవలో పారబోశారు. మరి మీరు తాగలేదా అని అమ్మ అడిగితే, తనకు పుళ్ళు లేవు కదా అని ఆయన తల దించుకుని జవాబిచ్చారు. నాన్న మాటను సరిదిద్దడానికి నాకు ఆ రోజుల్లో చాలా అవకాశాలు వచ్చాయి. అన్నం తినేటప్పుడు వచ్చాయి. నేను పప్పు వడ్డించాను.

పడవ బయలుదేరే ముందు రోజు ఉదయం డాక్టరు కాగితంతో నాన్నా నేనూ రేవుకు వెళ్ళాము. ఐసు దించుతున్నారు. మరలో వేసి పిండి చేస్తున్న ఐసు చప్పుడులో మాట వినపడడం కష్టంగా ఉంది. సరంగు కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చి చదవమన్నారు. కళాసీలు ఇద్దరు ముగ్గురు పని ఆపి దగ్గరికి వచ్చారు. నేను చదివి తెలుగులో చెప్పాను. సరంగు నాన్న వేళ్ళను పట్టుకుని గోళ్ళ మీద నొక్కి చూశారు.

“డాక్టరమ్మ సెప్పింది సరే. ఆయమ్మ మాతో సముద్రం మీదికి రాదు కదా,” అన్నారు. “నువ్వు మా కళ్ళ ముందు పెరిగిన గుంటవి. ఈ నీళ్ళు ఒంట్లోంచి పోతాయని ముందు సెప్పింది నువ్వే అంట. మీ నాన్నే సెప్పినాడు. ఇప్పుడు గుండెకేటీ అవదంతన్నావు. ఏది నమ్మమంతావు?”

నాన్న వెంటనే అడ్డు వచ్చి, గుంట తప్పేమీ లేదనీ, తానే మోతాదు మించాననీ మొదలుపెట్టారు. పది రోజులుగా చెబుతున్న వాక్యమే. దాన్ని ఆయన పూర్తి చేయనిస్తే సరంగు ముందు నా చదువుకు మర్యాద మిగులుతుంది, ఆయన ఒక చెంచా లెక్క తెలియని మనిషి అవుతారు. అంతేకాక, రంగు మెల్లగా పోతుందని నమ్మి పడవ ఎక్కనిస్తే, అది పోలేదని వచ్చే నెలలో సరంగు ఆయనను మళ్ళీ దించేస్తారు.

“నాన్న తప్పు కాదు బాబాయ్,” అన్నాను. “ఉచ్చలో పోద్దని నానే సెప్పాను. తెలీకుండా సెప్పాను. సెంచాడే తాగినా కొంత ఉండిపోయీది. ఈ రంగు పోదు. రేపు పోదు, పదేళ్ళకీ పోదు. కానీ గుండె బాగుంది. అది నా మాట కాదు, మరలో చూసిన మాట.”

ఐసు మర ఎవరో ఆపారు. నాన్న నా వైపు చూశారు. చెంచాడే తాగినా కొంత మిగిలేదన్న మాట ఆయనకు అప్పుడే, మిగిలినవారితో పాటే తెలిసింది. ఇంట్లో చెప్పవలసినదాన్ని రేవులో పదిమంది ముందు చెప్పాను. అందుకు ఇప్పటికీ నాకు సరైన కారణం దొరకలేదు.

“సదువుకున్నోలు తప్పు సెప్పానని సెప్పడం నాను ఇదే సూడడం,” అన్నారు సరంగు. ఒక కళాసీ నవ్వాడు. సరంగు నాన్న వైపు తిరిగారు. “సరే, అన్నా. పోనిదైతే పోనీ. వొచ్చినప్పుడల్లా కొత్తగా సూసి బెదరక్కర్నేదు. పొడుగు సేతుల సొక్కాలు తెచ్చుకో. మద్దేనం ఎండలో పైన నిలబడకు, లోపల సర్దుడు సూసుకో.”

లోపల సర్దడం అంటే ఐసు గదిలో చేపలు సర్దే పని. మళ్ళీ చేతులు చిట్లే పని అది. మా ఇద్దరికీ ఆ సంగతి తట్టింది, ఇద్దరమూ సరంగుకు చెప్పలేదు. నాన్న తల ఊపి పడవలోకి దిగబోతూ, ఆగి, నన్ను పక్కకు పిలిచారు.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“ఆసుపత్రికెల్లొచ్చిన వారంలోనే.”



“ఆ రోజే సెప్పుంటే, నానెక్కువ తాగీసినాను అని ఊరంతా సెప్పుకోను కదే,” అన్నారు. కోపంగా అనలేదు. సరుకు ఎక్కించేటప్పుడు మరచిపోయినదాని గురించి మాట్లాడే గొంతు అది.

తరవాత ఆయన పలక మీదుగా పడవలోకి నడిచి, ఐసు గది మూత దగ్గర ఉన్నవాణ్ణి జరగమని, పార అందుకున్నారు. ఆ మనిషి ఒకసారి నాన్న ముఖం కేసి చూసి, జరిగి చోటిచ్చాడు. ఐసు మర మళ్ళీ మొదలైంది. ఇంకా నిలబడి ఉంటే పనికి అడ్డమని ఎవరో అంటే రోడ్డు మీదికి వచ్చి, గోపాలపట్నం వెళ్ళడానికి బస్సు ఎక్కాను.